గోడలో జానెడు దారి

పుంగనూరులో మా సైన్సు మిస్ పోయారని పోయిన ఆదివారం వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారట. ముందురోజు సాయంత్రం కూడా వీధిలో ఆటోను ఆపించి, ఒక తొండ దాటేదాకా కదలనివ్వలేదట. అది చెబుతూ ఆమె నవ్వారు, తర్వాత ఏడ్చారు. నేనూ అంతే.

మదనపల్లెలో మా కాన్వెంటులో మిస్ చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. గంజి పెట్టిన నూలు చీర, రబ్బరు చెప్పులు, ఎప్పుడూ నేలమీదే చూపు. ఎదురుగా వచ్చే మనుషులను గుర్తుపట్టేవారు కాదు. మట్టిలో జాడ చూసి మాత్రం ముంగిస ఎటు పోయిందో, ఉడుము ఎటు తిరిగిందో చెప్పేవారు. ఊరు పెరిగేకొద్దీ వాటి దారులు ఎలా తెగిపోతున్నాయో పుస్తకంలో లేకపోయినా చెప్పేవారు.

ఆమెది కుప్పం దగ్గర పల్లె. చిన్నప్పుడు వాళ్ల రాగి చేలోకి ఏనుగులు వచ్చేవట. వాళ్ల నాన్న తిట్టుకుంటూనే కంచె అవతలి వైపు తెరిచి పెట్టేవారట. "వచ్చినదానికి పొయ్యే దావ లేకుంటే ఈడనే తిరగతా ఉంటాదమ్మా" అని మిస్ ఆయన గొంతుతోనే అనుకరించి చూపించేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తొలకరికి ఒక తాబేలు మా ఆవరణలోకి వచ్చింది. వీపంతా పసుపు చారలు, చుక్కలు. కాన్వెంటు పెద్ద మదర్ జాలిపడి దాన్ని మేరీమాత విగ్రహం ముందున్న తామర తొట్టిలో వదిలారు. తాబేలంటే నీళ్లే కదా అనుకున్నారు. అది మెట్ట తాబేలు, ఈత రాదు. మిస్ పరుగెత్తుకొచ్చి చీరతోనే తొట్టిలో దిగి పైకి తీశారు. మదర్‌ను ఒక్క మాట అనలేదు. "స్నానం అయింది మదర్, ఇంక పంపిద్దాం" అన్నారంతే.

అవి ఏటా వానల్లో కొండవైపు పొదల నుంచి మా ఆవరణ మీదుగా అవతలి పొలాలకు వెళ్లేవి. మరుసటి వేసవిలో ముళ్లకంచె తీసేసి కాంపౌండు గోడ మొదలుపెట్టారు. గోడ లేస్తే ఆ దారి అక్కడితో సరి. రెండు వైపులా అడుగున జానెడు సందు వదలమని మిస్ అడిగారు. మేకపిల్లలు దూరతాయని మదర్ భయం. చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. వానలు వెళ్లేలోగా ఒక్క తాబేలైనా రాకపోతే మూసేయాలి.

మేస్త్రీకి ఇదేమీ నచ్చలేదు. "గోడ కట్టేది ఎవురూ రాకుండా గదమ్మా. మళ్లా బొక్క యాల?" అన్నాడు.

"తామేలు గోడ దూకలేదు గదప్పా" అన్నారు మిస్.

అతను తాపీ పక్కన పెట్టి, దూకలేదని ఒప్పుకున్నాడు.

వానలొచ్చాయి. సందులోంచి ముందు కోడిపెట్ట వచ్చింది, తర్వాత ముంగిస, తర్వాత పక్కింటివాళ్ల బంతి. తాబేలు రాలేదు. మిస్ పాఠం చెబుతూనే కిటికీ వైపు చూసేవారు. నేనెలాగూ ఎవరితోనూ కలవక, ఆ సందుకు ఎదురుగా ఉన్న లైబ్రరీ కిటికీ దగ్గరే ఉంటానని కాపలా నాకు అప్పగించారు. "నువ్వు మాట్లాడవు, అది బెదరదు" అన్నారు. నేను మాట్లాడకపోవడం ఒకరికి పనికొచ్చింది అప్పుడే.

వానలు వెనకబడుతున్న రోజుల్లో, తుంపర పడుతున్న ఒక మధ్యాహ్నం, సందులోంచి ముందు ముక్కు వచ్చింది. తర్వాత మెడ, తర్వాత చుక్కల వీపు. నేను తరగతికి పరుగెత్తి అందరి ముందూ గట్టిగా "మిస్, వచ్చింది" అన్నాను. తరగతి తరగతంతా బయటికొచ్చింది. మదర్ వచ్చి నడుస్తున్న తాబేలుకు గొడుగు పట్టారు. దానికి వానంటేనే ఇష్టమని మిస్ చెప్పేసరికి, గొడుగు ముడిచి తామూ తడుస్తూ నిలబడ్డారు. అది రెండో సందు దాటి పొలాల్లోకి వెళ్లింది.

అసలు తమాషా తర్వాత జరిగింది. మా స్కూలుకూ కొండకూ మధ్య లేచిన ఇళ్లన్నీ ఆ మేస్త్రీ కట్టినవే. కాన్వెంటువాళ్లు అంత పట్టుబట్టి పెట్టించారంటే అది వాస్తుకు మంచిదే అయివుంటుందని, ప్రతి ప్రహరీకీ అడుగున జానెడు సందు వదిలాడు. వాకిళ్లలాగే ఎదురెదురుగా, ఒకే వరుసలో. ఇంటివాళ్లూ అడిగి మరీ పెట్టించుకున్నారు.

అప్పటికి మిస్ రిటైరై పుంగనూరులో ఉన్నారు. వెళ్లి చెబితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. మేస్త్రీకి అసలు సంగతి చెప్పనా అని అడిగాను.

"వద్దులేమ్మా. వాస్తుకనే అనుకోనీ. తామేలుకు దావ ఉండాది, సాలు" అన్నారు.

ఫోన్ వచ్చిన మర్నాడు మా స్కూలు వెనక, కొండవైపు వీధికి వెళ్లాను. సన్నగా వాన పడుతోంది. ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని, మోకాళ్లమీద కూర్చుని మొదటి ఇంటి ప్రహరీ సందులోంచి చూశాను. గోడ వెనక గోడ, సందు వెనక సందు, అన్నిటికీ చివర జానెడంత పచ్చటి కొండ. చూస్తుండగానే కొండ కనిపించకుండా పోయింది. దూరంగా ఒక సందు చీకటైంది. కాసేపటికి అక్కడ వెలుగు వచ్చి, దాని ఇవతలి సందు చీకటైంది. తర్వాత దానికి ఇవతలిది.

నేను లేచి, దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగాను.