గాజుపెట్టెకు అటూ ఇటూ

మా పిన్ని చేసే ఉద్యోగమేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. "ఏవో బిళ్ళలు చేస్తుందట" అనేది మా అమ్మ. దాంతో చుట్టాలంతా ఆమె మందుల కంపెనీలో ఉందనుకున్నారు. జలుబు చేస్తే చాలు, ఏ బిళ్ళ వేసుకోమంటావని ఆమెకు ఫోన్ చేసేవారు.

ఆమె చేసేవి రియాక్టర్‌కు ఇంధనమయ్యే బిళ్ళలు. ఒకసారి వాడేసిన ఇంధనంలోంచి ప్లుటోనియం వేరుచేసి తెస్తే, దాన్ని యురేనియం పొడిలో కలిపి, చిటికెనవేలి కొసంత బిళ్ళలుగా ఒత్తి, కొలిమిలో కాల్చేవారు. ఆ పొడి రవ్వంత ఊపిరితో లోపలికి పోయినా ముప్పే. అందుకని పనంతా మూసిన గాజుపెట్టెల్లోనే. పెట్టె గోడకు బిగించిన పొడుగాటి రబ్బరు గ్లౌజుల్లోకి చేతులు దూర్చి, అద్దంలోంచి చూస్తూ చేయాలి. చేరిన కొత్తలో ఆ గ్లౌజులతోనే సూదిలోకి దారం ఎక్కించడం నేర్పారట.

పెట్టెకు ఇటు పిన్ని, అటు ఒక పొడుగాటి మనిషి. ఆమె బిళ్ళలను పళ్ళెంలో పేర్చి జరిపితే అతను సానపట్టి నునుపు చేసేవాడు. గాలి యంత్రాల హోరులో మాట వినబడదు. ముఖాలకు సగం దాకా ముసుగులు. నెలల తరబడి అలా పనిచేశాక, ఒకరోజు క్యాంటీన్‌లో టీ కప్పు పట్టుకున్న పిన్నిని చూసి అతను ఆగిపోయాడు.

"మీ చేతులు ఇంత చిన్నవా!"

"మీ గొంతు ఇంత బొంగురా!" అంది పిన్ని.

ఆయనే మా బాబాయి.

మొదటి ఇంధనం లారీ ఎక్కి వెళ్ళిన రోజు గురించి చెబుతుంటే పిన్ని కళ్ళు ఇప్పటికీ మెరుస్తాయి. పనివాళ్ళంతా మేడెక్కి, లారీ మలుపు తిరిగేదాకా చూశారట. "పారేయాల్సినదాంతో ఊళ్ళకు ఊళ్ళు వెలుగుతాయనుకున్నామే. ఆ పూట ఎవరి కాళ్ళూ నేలమీద లేవు."

తర్వాత కొనేవాళ్ళు వెనకాడటం మొదలైంది. కొత్త యురేనియమే చవకన్నారు ఒకరు. బిళ్ళల కొలతలో వెంట్రుకవాసి తేడా ఉందని తిప్పిపంపారు ఇంకొకరు. మరోచోట జనం లారీకి అడ్డం కూర్చున్నారు. తెచ్చిన ప్లుటోనియం గిడ్డంగిలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. నిలవున్నకొద్దీ అందులో అమెరీషియం అనే మరో పదార్థం పుట్టి, గ్లౌజుల్ని దాటుకొచ్చే కిరణాలు పెరుగుతాయి.

"మనుషులైతే వయసు మీదపడ్డాక చల్లబడతారు. ఇదేంటమ్మా, ముసలిదయ్యేకొద్దీ రెచ్చిపోతోంది!" అని గొణిగేవాడు వాళ్ళ ఫోర్‌మన్.

సీసం కలిపిన మందపాటి గ్లౌజులు వచ్చాయి. వాటితో పట్టుకుంటే బిళ్ళ ఉన్నదీ లేనిదీ తెలిసేది కాదు. చేతులకు చెవుడొచ్చినట్టుండేదంటుంది పిన్ని.

ఒక మధ్యాహ్నం పట్టకారు మొన తగిలి ఎడమ గ్లౌజుకు సన్నని చిల్లు పడింది. ఆమెకు తెలియలేదు. చేయి బయటికి తీసి, అలవాటుగా పరీక్ష యంత్రం ముందు పెట్టగానే అది కీచుమంది. అవతలి పక్కనున్న బాబాయి తన గ్లౌజుల్లోంచి చేతులు లాక్కుని పరిగెత్తబోయాడు.

"కదలకు!" అని పక్కకొచ్చి చెవిలో అరిచాడు ఫోర్‌మన్.

"మా ఆవిడండీ!"

"తెలుసు బాబూ. నువ్వు పరిగెడితే పొడి గదంతా పాకుతుంది. నిలబడు."

బాబాయి నిలబడిపోయాడు. పిన్ని అద్దంలోంచి ఆయనకేసి చూసి, ఏం కాలేదన్నట్టు తల ఊపింది. రేడియేషన్ రక్షణ విభాగంవాళ్ళు వచ్చి బట్టలు కత్తిరించి తీసేశారు. చర్మం కందిపోయేదాకా చేయి కడిగారు. అదృష్టం కొద్దీ పొడి చర్మంమీదే ఉంది, లోపలికి పోలేదు. "పెళ్ళిపీటలమీద కూడా మీ బాబాయి నన్నలా కన్నార్పకుండా చూడలేదు" అని ఇప్పుడు నవ్వుతుంది గానీ, ఆ వారమంతా ఆయన అన్నం సరిగ్గా తినలేదట.

ఆ తర్వాత ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళలేదు. కొత్తవాళ్ళకు పని నేర్పే గదిలో వేశారు. కొన్నాళ్ళకు కొత్తవాళ్ళు రావడం మానేశారు. ఇంకొన్నాళ్ళకు ఫ్యాక్టరీయే మూతపడింది. బాబాయి గాజుపెట్టెలను ముక్కలు కోసి డ్రమ్ముల్లోకి ఎక్కించే పనిలో చేరి, అది సగంలో ఉండగానే రిటైరయ్యాడు. మిగిలిన ప్లుటోనియం ఇంకా కాపలాలోనే ఉంది.

"అంత కష్టం వృథాయేనా పిన్నీ?" అని ఒకసారి అడిగాను.

"మంచిపనే అనుకుని ఒళ్ళు దాచుకోకుండా చేశాం. అది మా మాట వినలేదు, అంతే. కానీ ఆ రోజులు మళ్ళీ ఇస్తామంటే వద్దంటానా!"

ఇప్పటికీ ఏడాదికోసారి పాత పనివాళ్ళందరికీ వైద్యపరీక్ష ఉంటుంది. ఒంట్లో ప్లుటోనియం జాడేమైనా ఉందేమోనని మూత్రం పరీక్షిస్తారు. ఈసారి వాళ్ళిద్దర్నీ నేనే తీసుకెళ్ళాను. పిన్ని ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. బాబాయి పొద్దున్నే గడ్డం గీసుకుని తయారయ్యాడు. ఆ హాల్లో తల నెరిసినవాళ్ళు చేతుల్లో సీసాలు పట్టుకుని, ఒకరి భుజాలమీద ఒకరు చరుచుకుంటూ, మనవల ఫోటోలు చూపించుకుంటున్నారు. ఊతకర్రతో వచ్చిన ఫోర్‌మన్ కోసం పిన్ని కుర్చీ జరిపింది. లోపల్నుంచి నర్సు పిలుస్తూనే ఉంది. ఎవరూ లేవడం లేదు.