అయ్యగారి సీసా, పెద్దమ్మ జాడీ

నా చిన్నప్పుడు ఉప్పల్ చుట్టూ ద్రాక్ష తోటలుండేవి. మొన్న ఆదివారం మెట్రో స్టేషన్ పక్కన మాల్‌లో కూర్చుని ఈ మాట చెబితే మా మనవరాలు నమ్మలేదు. చర్చి నుంచి తనే నన్ను అక్కడి హోటల్‌కి తీసుకెళ్లింది. ఏ ఊళ్లో చూసినా అదే పేరు, అవే కుర్చీలు, అదే మెనూ ఉండే రకం హోటల్. మెనూ చివరి పేజీ నిండా వైన్ల పేర్లే. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతుంటే, "గిట్లాంటి హోటళ్లల్ల వైన్ ఏం మంచిగుంటది అమ్మమ్మా!" అంది. ఎప్పుడైనా తాగి చూశావా అని అడిగితే లేదంది. అప్పుడు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నాచారంలో ఫ్యాక్టరీల వెనక రేకుల షెడ్డులో మా చర్చి ఉండేది. అక్కడ ఆరాధనలో రొట్టెతో పాటు అందరికీ పంచే ప్రభువు బల్లకు కావలసిన ద్రాక్షారసం ఆమే చేసేది. ఉప్పల్ తోటల్లో అడిగి, గుత్తుల నుంచి రాలిన నల్ల ద్రాక్ష ఏరుకొచ్చి, జాడీలో చక్కెరతో ఊరబెట్టి, రోజూ కలిపి, పాత ధోవతి గుడ్డలో వడగట్టేది. ఆమెకు చదువు రాదు, పాట రాదు. చర్చిలో ఆమెదంటూ ఉన్న పని అదొక్కటే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చర్చికి కొత్త పాస్టర్ అయ్యగారు వచ్చారు. చెడ్డవాడేం కాదు. మరుసటి వారం బిషప్ గారు వస్తున్నారు కదా, ఇంట్లో చేసిందైతే ఏం బాగుంటుందని సిటీ నుంచి బంగారు అక్షరాల కాగితం అంటించిన సీసా ఒకటి కొనుక్కొచ్చారు. శనివారం సాయంత్రం సంఘ పెద్దలు రెండూ రుచి చూసి, ఏది వాడాలో తేల్చాలన్నారు. పెద్దమ్మ తలూపి ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. షాపుది ఉత్త రంగు నీళ్లని వాడకట్టంతా చెప్పి వచ్చాను.

శనివారం పెద్దమ్మ వెంట నేనూ అయ్యగారింటికి వెళ్లాను. ముందుగా ప్రార్థన మొదలైంది. మా సంఘ పెద్ద ప్రార్థన మొదలుపెడితే ముగిసేలోపు పొయ్యి మీద అన్నం ఉడికేది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మూత తీసి ఉన్న సీసానూ జాడీనీ చప్పుడు కాకుండా వంటింట్లోకి తీసుకెళ్లి, ఒక చెంబు సాయంతో ఇందులోది అందులోకి, అందులోది ఇందులోకి మార్చేశాను. ఆమెన్ అనే వేళకు రెండూ బల్ల మీదే ఉన్నాయి.

సీసాలోది తాగిన పెద్దలు "ఎంతైనా షాపుది షాపుదే" అన్నారు. ఒకాయన మళ్లీ పోయించుకున్నాడు. జాడీలోది మాత్రం జర మోటుగుందన్నారు. నేను లోలోపల ఎగిరి గంతేశాను. అంతలో అయ్యగారు, "అయితే ఇకనుంచి సీసాదే వాడదాం" అన్నారు. మెచ్చుకుంటారన్నంత వరకే ఆలోచించాను గానీ, ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించలేదు. చెబితే తన్నులు. చెప్పకపోతే పెద్దమ్మ పని నా చేతుల మీదుగానే పోతుంది.

చివరగా పెద్దమ్మ రెండూ నాలుక మీద వేసుకుంది. తిన్నగా నా వైపు చూసింది.

"బిడ్డా, గీ సీసల ఏముందో నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ముందు సంఘ పెద్ద నవ్వాడు, తర్వాత అయ్యగారు నవ్వారు. సీసాలోది మళ్లీ పోయించుకుని, ఈసారి నింపాదిగా తాగి, బిషప్ గారికి పెద్దమ్మ చేసిందే పెడదామన్నారు.

పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. ఆమె నా కుడి అరచెయ్యి పట్టుకుని, అందులో జాడీలోంచి నాలుగు చుక్కలు వేసింది. అంటే షాపుది. నాకి చెప్పమంది. నాకాను. తియ్యగా, కమ్మగా ఉంది. మంచిగుందని చెప్పాల్సి వచ్చినందుకు మళ్లీ ఏడుపొచ్చింది.

"నాగ్గూడ గట్లనే అనిపించింది" అంది పెద్దమ్మ. "ఆళ్లు తాగేటప్పుడు గూడ కాయితాన్నే సూశిన్రు. నువ్వు తాగకనే తిట్టినవ్. ఇద్దరు జేసింది ఒక్కటే తప్పు."

హోటల్‌లో వెయిటర్ రాగానే, ఈ పేజీలో నువ్వు ఏవేవి తాగి చూశావు బాబూ అని అడిగాను. "మాకియ్యరమ్మా, పేర్లే నేర్పిస్తరు" అని నవ్వాడు. పేరు పలకడం రాని దాని మీద వేలు పెట్టి ఒక గ్లాసు తెప్పించాను. ఇద్దరం చెరో గుక్క తాగాం. పులుపు తప్ప ఇంకేమీ లేదు.

"నేను జెప్పలే?" అంది మనవరాలు.

చెప్పావు, కానీ ఇప్పుడు తెలిసింది అన్నాను. మెనూలో దాని కిందున్న వైన్ ఎలా ఉంటుందో ఈసారి వచ్చినప్పుడు చూడాలి. వంటనైనా మనిషినైనా మెచ్చుకోబోతున్నా, తిట్టబోతున్నా, నోటి కంటే ముందు నా కుడి అరచెయ్యి ఇప్పటికీ దానంతటదే తెరుచుకుంటుంది.