మాడిన వాయి

తబావా నవలలు రాస్తుందని కానో నగరమంతా ఎరుగును. వాటిని వడల మూకుడు పక్కన దిద్దుతుందని మాత్రం ఆ వీధికే తెలుసు. పొద్దున్నే తోడికోడలు అసబే గుమ్మం ముందు బొబ్బర్ల వడలు వేసి అమ్ముతుంటే, తబావా పీట లాక్కుని ముందురోజు రాసింది పైకి చదువుతుంది. ఎడమచెయ్యి మోకాలి మీద తాళం వేస్తుంటుంది. నాలుక తట్టుకున్న చోటల్లా పెన్సిలు గీత పడుతుంది. చూపు మాత్రం అసబే చిల్లుల గరిటె మీదే. అది ఆగకుండా వడలు తిప్పుతోందంటే, కథ ఎక్కడో చతికిలబడిందన్నమాట.

కొత్త నవలలో కథానాయిక పుట్టిల్లు వదిలే ఘట్టం ఎన్నిసార్లు దిద్ది చదివినా వడలు దోరగానే వేగాయి.

"ఆ పిల్ల ఇంకా గడప దగ్గరే ఉందా తల్లీ? వెళ్లనియ్యి, ఎండెక్కుతోంది," అంది అసబే.

తబావా ముఖం ముడుచుకుంది. ఆ రోజంతా కూర్చుని, ఆ పిల్ల తల్లి కన్నీళ్ల గురించి ముచ్చటపడి రాసుకున్న వాక్యాలన్నీ కొట్టేసింది. తల్లి మాట ఒక్కటే మిగిల్చింది: "చెప్పులేసుకుని వెళ్లమ్మా. నేల కాలుతుంది."

మర్నాడు ఆ మాట దగ్గర గరిటె గాల్లో ఆగిపోయింది. మూకుట్లోంచి పొగ లేచింది.

"అక్కా, మాడిపోతున్నాయే!" అని గిన్నె పట్టుకుని నిలబడ్డ మెకానిక్ కేకేశాడు.

"ఉండరా, పిల్ల వెళ్లిపోతోంది," అంది అసబే, ముసుగు కొసతో కళ్లు ఒత్తుకుంటూ.

తబావా పెన్సిలు చెవి వెనక దోపుకుంది. నల్లబడిన వాయినంతా తన పళ్లెంలో వేసుకుని, మిరప్పొడి అద్దుకుంటూ ఆఖరి వడ దాకా తింది.