వేలి మీద తెల్ల గీత

పక్కింటి అంకుల్ పోయారు. ఆ మంగళవారం పొద్దున ఇక్కడ కెనడాలో, హాలిఫాక్స్ ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు రావలసిన చోట నాకు ముందు భయం వేసింది. ఆయన కూతురు వస్తుంది. ఒక్కతే రాదు.

అంకుల్‌ది విశాఖపట్నం. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి ఈ ఊళ్లో స్థిరపడ్డారు. ఆంటీ పోయాక ఒంటరిగానే ఉన్నారు. మంచు పడితే తన వాకిలితో పాటు మాదీ శుభ్రం చేసేసేవారు. వద్దంటే, "మీ ఆయన లేచేసరికి ఎండాకాలం వచ్చేస్తాదమ్మా" అనేవారు. ఆయన వంటింట్లో రెండు గడియారాలు ఉండేవి. ఒకటి ఇక్కడి టైము. రెండోది ఐదు గంటలు ముందు. అదెందుకో చాలాకాలం అడగలేదు.

మూడేళ్ల క్రితం ఉగాదికి తెలుగువాళ్లం తలా ఒక వంటకం తెచ్చుకున్న పాట్‌లక్‌లో, ఇద్దరు ఆడపిల్లలు ఒకరినొకరు పెళ్లి చేసుకోవడం మీద ఒకాయన జోకు వేశాడు. అందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను. అంకుల్ పులిహోర ప్లేటు బల్ల మీద పెట్టేసి, కోటు వేసుకుని వెళ్లిపోయారు. ఇది చదువుతున్న మీలో కొందరు ఆ రోజు అక్కడే ఉన్నారు.

మర్నాడు నన్ను టీకి పిలిచారు.

"నిన్న నువ్వూ నవ్వావు కదమ్మా. అందుకే నీకు చెప్తున్నాను. నవ్వనోళ్లకి చెప్పడం కష్టం కాదు."

కూతురు మాడ్రిడ్‌లో ఉంటుంది. అక్కడే ఒక పోలండ్ అమ్మాయిని పెళ్లి చేసుకుంది. స్పెయిన్‌లో ఆ పెళ్లికి చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కూరగాయల కొట్టువాడు కూడా "ఇవాళ మీ ఆవిడ రాలేదేం?" అని అడుగుతాడట. పోలండ్‌లో ఆ పెళ్లి చేసుకోవడానికే వీల్లేదు. అక్కడ కొన్ని ఊళ్లయితే ఒకప్పుడు ఇలాంటి వాళ్లకు వ్యతిరేకంగా తీర్మానాలు చేసి, తర్వాత వెనక్కి తీసుకున్నాయి.

"తీర్మానం వెనక్కి తీసుకుంటారు. చూసే చూపు ఎవడు వెనక్కి తీసుకుంటాడమ్మా?" అన్నారు అంకుల్. "రెండు దేశాలకీ టైము ఒకటే. ఒక్క గడియారం చాలు. మధ్యలో పాస్‌పోర్టు కూడా అడగరు. కానీ పోలండ్‌లో ఆ పిల్ల అమ్మానాన్నల్ని చూడ్డానికి వెళ్లేటప్పుడు, విమానం దిగే ముందే ఇద్దరూ ఉంగరాలు తీసి పర్సులో వేసుకుంటారు."

ఆయన ఏకపక్షంగా మాట్లాడే మనిషి కాదు. "అక్కడందరూ చెడ్డోళ్లని కాదు. ఆ పిల్ల నానమ్మ ఇద్దరికీ ఒకే రంగు టోపీలు అల్లింది. మాడ్రిడ్‌లోనూ మెట్రోలో ఒకడు తిట్టాడు. అయితే పక్కనోళ్లు లేచి వాడి నోరు మూయించారు. పోలండ్‌లో లేస్తారో లేదో నాకు తెలీదు. ఆ తెలీకపోవడమే నా భయం."

ఆ ప్రయాణాల రోజుల్లో ఆయన గడియారం ఎదురుగా కూర్చునేవారు. నేనూ వెళ్లి కూర్చునేదాన్ని. ఒకసారి వాళ్లు తిరిగి మాడ్రిడ్ చేరాల్సిన టైము దాటి రెండు గంటలైంది. మెసేజ్ లేదు, ఫోన్ ఎత్తరు. ఆయన టీ గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయారు. చివరికి వీడియో కాల్ వచ్చింది. ఆయన కూతురి మొహం చూడలేదు. "చేతులు చూపించమ్మా" అన్నారు. వేళ్లకు ఉంగరాలు కనబడితే మాడ్రిడ్ చేరినట్టు.

"మరి ఇక్కడికి రమ్మనచ్చు కదా అంకుల్? కెనడాలో చట్టం ఉంది కదా?" అని అడిగాను.

"చట్టం ఉందమ్మా. మనోళ్లూ ఉన్నారు."

అంకుల్ పోయాక, ఆ శుక్రవారం వాళ్లిద్దరి కోసం ఎయిర్‌పోర్టుకు నేనే వెళ్లాను. అంకుల్ అలవాటు నాకూ అంటుకుంది, మొహాల కంటే ముందు చేతులే చూశాను. ఇద్దరి వేళ్లూ బోసిగా ఉన్నాయి. ఉంగరం ఉండాల్సిన చోట తెల్ల గీత. వాళ్లు వచ్చిన దారిలో పోలండ్ లేదు. మమ్మల్ని తలుచుకునే తీసేశారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం మనవాళ్లంతా పలకరించడానికి వస్తామన్నారు. అంకుల్ ఇంట్లో నేను కుర్చీలు సర్దుతున్నాను.

"ఉంగరాలు పెట్టుకోండమ్మా" అన్నాను.

"ఎవరెవరొస్తున్నారక్కా?" అంది కూతురు.

పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. జోకు వేసినాయన పేరు దగ్గర నా నోరు ఆగిపోయింది. తర్వాతి పేరు మా ఆయనది. ఆయనా ఆ రోజు నవ్వాడు. ఎవరేమంటారో, తండ్రి ఫొటో ముందు ఈ పిల్లల్ని ఎవరు ఎలా చూస్తారో, ఎవరైనా ఒక మాట అంటే నేను లేస్తానో లేదో. నిజం చెప్పొద్దూ, నా మీద నాకే నమ్మకం లేదు.

కూతురు నా మొహం చూసింది. పర్సు తెరిచి తన ఉంగరం తాను పెట్టుకుంది. ఇవన్నీ రాయమని తర్వాత నాతో చెప్పింది కూడా తనే. పోలండ్ అమ్మాయికి తెలుగు రాదు. అయినా అర్థమైంది. ఉంగరాన్ని పిడికిట్లో బిగించి గోడ మీది గడియారం వైపు చూస్తూ నిలబడింది.

బయట కారు తలుపు పడిన చప్పుడు. ఆ అమ్మాయి పిడికిలి విప్పింది. తొందరలో ఉంగరం కణుపు దగ్గరే ఆగిపోయింది. నేను ఆ చేయి పట్టుకుని మెల్లగా ఎక్కించాను. తెల్ల గీత ఉంగరం కిందికి వెళ్లిపోయింది. అప్పుడే బెల్ మోగింది.