నలభై నిమిషాల ప్రశ్న

మా బందరు మీదికి తుఫాన్లు సముద్రం వైపు నుంచి వస్తాయని అందరికీ తెలుసు. ఒక్కటి మాత్రం వేదిక మీద నుంచి వచ్చింది. వాతావరణ శాఖ వాళ్ళు దానికి పేరు పెట్టలేదు గానీ, పెట్టి ఉంటే నా పేరే పెట్టాల్సొచ్చేది. హాలు పైకప్పు లేచిపోయిందని చెప్పాలనుంది. లేవలేదు. లేచిపోయింది నా పరువొక్కటే.

అప్పటికి నాకు అరవై ఎనిమిది. కుర్రతనం. ఆ వయసులో మనిషికి ఎంత దుడుకు ఉంటుందో ఇప్పుడు డెబ్బై రెండులో కూర్చుని తలుచుకుంటే నవ్వొస్తుంది.

హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాక, రోజూ పొద్దున్నే కోనేరు సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడి ప్రపంచాన్ని నడిపేవాణ్ణి. ఏ దేశం సైన్యం ఎటు కదలాలో టీ చల్లారేలోపు తేల్చేసేవాణ్ణి. రాయబారులు నా సలహా కోసం వరస కట్టేవారు. సరే, కట్టలేదు. వినేది మా ప్రసాదు ఒక్కడే. పెడనలో కలంకారీ అద్దకం చేస్తాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అంటాడు. ఇక నా యుద్ధ సామగ్రి అంతా ఒక స్కూలు అట్లాసు. అందులో సోవియట్ యూనియన్ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది.

అలాంటి రోజుల్లో మా రీడింగ్ రూము మిత్రులం కలిసి ‘నిపుణులతో ముఖాముఖి’ అని ఒక కార్యక్రమం తలపెట్టాం. నిపుణుల్ని పిలిచి, అంతర్జాతీయ వ్యవహారాలు, ప్రపంచ భద్రత గురించి మన భాషలో మాట్లాడించడం. మొదటి అతిథి సుభద్ర గారు. గుడివాడ పక్క పల్లెలో పుట్టి, దేశదేశాల రాయబార కార్యాలయాల్లో పనిచేసి, సముద్రాల మీద ఓడల భద్రత గురించి పెద్దపెద్ద వాళ్ళకి పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడని ప్రశ్నలడగడానికి నాకన్నా తగినవాడు జిల్లాలో లేడని అందరూ అన్నారు. అందరూ అంటే నేను అన్నాను, మిగతావాళ్ళు కాదనలేకపోయారు.

సభ రోజు పొద్దున మా వీధికి చేపలు తెచ్చే నాగమణి గుమ్మంలో బుట్ట దింపి ఒక మాట అడిగింది. ఆమెది గిలకలదిండి. పుట్టిల్లు కోడూరు అవతల సముద్రం ఒడ్డు. తల్లీతండ్రీ పోయాక తమ్ముడు రాముణ్ణి తనే పెంచి, చదివించి, సరుకుల ఓడలో ఇంజన్ రూము పనికి పంపింది. ఆ రాముడు ఇప్పుడు ముంబైలో ఉన్నాడు. కొత్త ఓడ ఎక్కడానికి మర్నాడు పది గంటలకల్లా ఏజెంటు దగ్గర సంతకం పెట్టాలి. ఆ ఓడ వెళ్ళే దారిలో ఓడల మీద దాడులు జరుగుతున్నాయని టీవీలో రోజూ చెబుతున్నారు.

“వెళ్ళమంటారా, వద్దంటారా మాష్టారూ? మీకు అన్నీ తెలుసంటారు కదా.”

‘తెలుసంటారు’ అన్న దగ్గరే నేను పడిపోయాను. అట్లాసు తెరిచి, ఆ దారిలో ఉన్న జలసంధి మీద బొటనవేలు పెట్టి, అక్కడ ఏ దేశానికి ఏ భయం ఉందో, ఎవరు ఎవర్ని చూసి వెనక్కి తగ్గుతారో అరగంట చెప్పి, “భయం లేదమ్మా, వెళ్ళమను” అని తీర్పిచ్చేశాను. బొటనవేలు తీసి చూస్తే ఆ జలసంధి మొత్తం దాని కిందే ఉంది.

నాగమణి అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేసింది. అయినా మనసు ఒప్పలేదు కాబోలు, సాయంత్రం వచ్చే మేడం గారిని కూడా ఒక్క మాట అడుగుతారా అంది. మొదటి ప్రశ్న నీదే అని మాటిచ్చాను.

అయిదున్నరకి సభ. హాలు నిండా రెండు వేల మంది. కాదు, రెండు వందలు. అదీ కుర్చీల సంఖ్య, మనుషులు ఎనభై. నాగమణి మూడో వరసలో, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. సుభద్ర గారు సన్నగా, నేత చీరలో, చేతిలో చిన్న నోటు పుస్తకంతో వచ్చారు. ఏడింటికల్లా బయల్దేరకపోతే విజయవాడలో రైలు అందదని ముందే చెప్పారు.

మా వైపు సభలకి ఒక పద్ధతుంది. అతిథి ఎంత గొప్పవారైతే పరిచయం అంత పొడుగుండాలి, లేకపోతే అవమానించినట్టు. పరిచయం, శాలువా, దండ అయ్యేసరికి ఆరయింది. తర్వాత నా మొదటి ప్రశ్న మొదలుపెట్టాను. నాగమణి ప్రశ్నే అడుగుదామనుకున్నాను, ఒట్టు. కానీ ఓడల గురించి అడగాలంటే సముద్ర దారుల చరిత్ర చెప్పొద్దూ? అది చెప్పాలంటే మన రేవుకి డచ్చివాళ్ళు ఎందుకొచ్చారో చెప్పాలి. డచ్చివాళ్ళని చెప్పి ఇంగ్లీషువాళ్ళని వదిలేస్తే బాగుంటుందా? అలా ఒక్కొక్కళ్ళనీ ఓడ దింపుకుంటూ వస్తున్నాను.

ఇంతలో జనంలోంచి ఒక చీటీ వచ్చింది. సభల్లో వేదిక మీదికి చీటీలు పంపడం మామూలే. మెచ్చుకోలు అయ్యుంటుంది, తీరిగ్గా చదువుకుందామని జేబులో పెట్టుకున్నాను. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. ఒక్కో చీటీకీ నాకు ఒక్కో శతాబ్దం ఉత్సాహం పెరిగింది. పక్కన సుభద్ర గారు ఏదో రాసుకుంటున్నారు. అంత నిపుణురాలు నా మాటలు రాసుకుంటుంటే ఆపడం మర్యాదా, మీరే చెప్పండి.

ఆఖరికి ప్రసాదు, మంచినీళ్ళ గ్లాసు మార్చే వంకతో వేదికెక్కి, నా చెవి దగ్గరికి వంగి, పళ్ళు కదపకుండా అన్నాడు: “బావా, జేబులోవి చదువు.”

చదివాను. మొదటిది: ‘ప్రశ్న అడగండి.’ రెండోది: ‘మేడం గారి గొంతు ఎలా ఉంటుందో మాకూ వినాలనుంది.’ మూడోది ఎవరిదో తెలియదు: ‘కరెంటు పోతే బాగుండు.’ నాలుగోది ప్రసాదు అప్పుడే నా చేతిలో పెట్టింది. నాగమణి ఎవరిచేతో రాయించింది: ‘మాష్టారూ, మా తమ్ముడి సంగతి.’

గడియారం చూస్తే ఏడుకి ఇరవై తక్కువ. నలభై నిమిషాలు మాట్లాడాను, ప్రశ్న ఇంకా బయల్దేరలేదు. ఆ చీటీని అలాగే సుభద్ర గారి ముందుకు జరిపాను.

ఆవిడ చదివి, నోటు పుస్తకం మూసి, “ఇది రాసిందెవరండీ? ముందుకి రండమ్మా” అన్నారు.

నాగమణి లేచి వచ్చి సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. డచ్చివాళ్ళ అవసరం ఎక్కడా రాలేదు.

అప్పుడు నేను జన్మలో ఏ నిపుణుడి నోటా వినని మాట విన్నాను. “అమ్మా, అక్కడ రేపేం జరుగుతుందో నాకు తెలియదు” అన్నారు సుభద్ర గారు. “తెలుసన్నవాళ్ళని నేను నమ్మను. కానీ మీ తమ్ముడు సంతకానికి ముందు ఏం అడగాలో నాకు తెలుసు. ఫోన్ కలపండి.”

మైకు దగ్గర పెట్టి ఫోన్ కలిపారు. ఆవిడ రాముణ్ణి, ఇంటికొచ్చిన తమ్ముణ్ణి పలకరించినట్టు, ఒకటొకటే అడిగారు. ఓడ ఏ దేశం జెండా కింద తిరుగుతోంది, ఏ దారిన వెళ్తుంది, కాపలా ఉందా, ప్రమాదమున్న చోటికి రానంటే ఇంటికి పంపేసే షరతు కాగితాల్లో ఉందా. కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, నీ దాంట్లో ఉందో లేదో చదివావా అన్నారు. రాముడు చదవలేదు గానీ మిగతావన్నీ తడుముకోకుండా చెప్పాడు. నేను అట్లాసులో ఏళ్ళ తరబడి చూసిన సముద్రం వేరు, ఆ కుర్రాడు చూసింది వేరు.

“క్రితంసారి ఆ దారినే వచ్చామండి” అన్నాడు. “రెండు రోజులు లైట్లు ఆర్పేసి, లైఫ్ జాకెట్లు తలకింద పెట్టుకుని పడుకున్నాం. అక్కకి చెప్పలేదు.”

నాగమణి మైకు వైపు వంగి, “నాకు మాత్రం కెరటాల ఫోటోలు పంపేవాడివి” అంది.

“మరి ఈసారి ఎందుకు వెళ్దామనుకున్నావు బాబూ?” అని అడిగారు సుభద్ర గారు.

“అక్కే చెప్పిందండి. అన్నీ తెలిసిన పెద్దాయన ఎవరో భయం లేదన్నారంట.”

“ఎవరమ్మా ఆ పెద్దాయన?”

నాగమణి నా వైపు ఒక్కసారి చూసి, తల తిప్పేసుకుంది. “మా వీధిలో ఎవరో అన్నారులెండి” అంది. నలభై నిమిషాలు తన ప్రశ్నని నానబెట్టినవాణ్ణి, ఎనభై మంది ముందు కాపాడింది ఆ తల్లి. అది నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

లేచి, మైకు నా వైపు తిప్పుకుని, “నేనేనండి” అన్నాను.

ఆ సాయంత్రం నేను మాట్లాడిన అతి చిన్న వాక్యం అదే. హాలంతా చప్పట్లు కొట్టింది అప్పుడొక్కసారే.

రాముడు ఆ రాత్రే కాగితాలు చదువుకున్నాడట. షరతు ఉంది. ఆ దారికి రానని మర్నాడు ఏజెంటుకి చెప్పాడు. ఏజెంటు గొణిగాడు గానీ, కొన్నాళ్ళకి వేరే దారిలో తిరిగే ఓడ దొరికింది. రాముడు ఎక్కనన్న ఆ ఓడ ఏమైందంటారా? క్షేమంగా వెళ్ళి క్షేమంగా వచ్చింది. చూశావా, చివరికి నేను చెప్పిందే జరిగిందని ప్రసాదుతో ఒకసారి అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కారెక్కుతూ సుభద్ర గారు మాత్రం చాలా ఆదరంగా, ఇంత ఓపికగల సభని ప్రపంచంలో ఎక్కడా చూడలేదన్నారు. ఇంటికెళ్ళేదాకా అది నాకు మెచ్చుకోలనే అనుకున్నాను.

కాబట్టి పాఠకులారా, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు తిరిగి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. ఇక మీదట అంతర్జాతీయ వ్యవహారాల మీద ఏ దేశం వాళ్ళొచ్చి అడిగినా ఒక్క వాక్యానికి మించి మాట్లాడను. ఆ వాక్యంలో డచ్చివాళ్ళు ఉండరు.

ఈ శపథం కాగితం మీద రాసి, కింద సాక్షి సంతకం పెట్టమని మా ఆవిడకిచ్చాను. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, అబద్ధపు కాగితాల మీద తను సంతకాలు పెట్టనంది.