మా బావ చెవి

మా బావ లిఫ్టు మెకానిక్. ఏ యంత్రం చప్పుడు విన్నా దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఆ చెవే మా అక్క ప్రాణాలు తోడేస్తోంది.

ఇంట్లో మంచి కాఫీ తాగాలని ఆర్నెల్లలో గింజలు పొడి చేసే గ్రైండర్లు మూడు కొన్నాడు. మొదటిదాని బేరింగు అరుస్తోందన్నాడు. గింజలు పడగానే రెండోది మూలుగుతోందన్నాడు. రెండూ కొట్లో తిరిగిచ్చేశాడు. మూడోదాన్ని ఒక్క గింజైనా వేయకముందే విప్పి బల్లంతా పరిచాడు. దాని మరలు ఇప్పటికీ చక్కెర డబ్బా పక్కనే ఉన్నాయి.

నిన్న పొద్దున నేను వెళ్లేసరికి అక్క విసిగిపోయి, బజారులో కొన్న పొడితోనే కాఫీ కలిపేసింది. బావ వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ, ఫోను చెవికి ఆనించుకుని, కొనబోయే నాలుగో గ్రైండరు చప్పుడు వీడియోలో వింటున్నాడు.

"దీని మోటారు బాగుందే!" అన్నాడు.

"మీకు కావాల్సింది మోటారు కాదండీ, కుర్చీ. పెళ్లయ్యాక మీరు కుదురుగా కూర్చుని ఒక్క కప్పు తాగింది లేదు. కూర్చోండి ముందు!" అని అక్క కసిరింది.

బావ బుద్ధిగా కూర్చున్నాడు. కప్పు పెదవికి తగిలేలోపే కుర్చీ కిర్రుమంది.

కప్పు నా చేతిలో పెట్టి, స్క్రూడ్రైవరు కోసం లేచాడు. ఆ కాఫీ ఎంత బాగుందో ఆ మనిషికి చెప్పబుద్ధి కాలేదు నాకు.