మహ్రిజ్ బావ సాక్షులు

ఎవరైనా ఏదైనా చెబితే నమ్మే అలవాటు మా బావ మహ్రిజ్‌కి లేదు. "నీకెవరు చెప్పారు?" అంటాడు. పేరు చెబితే "అతనికెవరు చెప్పారు?" అంటాడు. అలా లాక్కుంటూ పోయి, చివరికి కళ్లారా చూసిన మనిషి దొరికితే "ఆ పూట అతని కళ్లు బాగానే ఉన్నాయా?" అంటాడు.

సఫాఖుస్ రేవులో సముద్రపు పటాలు గీయడం ఆయన పని. గొర్రెతోళ్లు నానబెట్టి, గీకి, ఆ పటాలకు పనికొచ్చేలా ఆరబెట్టి ఇవ్వడం నా పని.

ఆయన సంగతి పెళ్లినాడే బయటపడింది. ఖాజీగారు కూర్చున్నారు, ఖర్జూరాల పళ్లేలు వచ్చాయి, మా అక్క సల్లామా తెర వెనక ఉంది. ఇద్దరు పెద్దమనుషులు లోపలికెళ్లి వచ్చి, పిల్ల ఒప్పుకుందన్నారు.

"మీరు చెవులారా విన్నారా?" అన్నాడు పెళ్లికొడుకు.

"విన్నాం నాయనా."

"తెర అడ్డం ఉంది కదా! ఆ గొంతు ఆ అమ్మాయిదేనని మీకెవరు చెప్పారు?"

ఖాజీగారి చేతిలో ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది. మా నాన్న నేల చూపులు చూశాడు. తెర వెనకనుంచి మా అక్క కేక పెట్టింది. "నాదే! ఆ గొంతూ నాదే, ఈ గొంతూ నాదే! చేసుకుంటావా, లోపలికెళ్లి పడుకోమంటావా?"

"ఇది గట్టి సాక్ష్యం," అని మా బావ సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఇంకోసారి వానలో పరుగెత్తుకొచ్చి, "బావా, నీ పనిగది కారుతోంది!" అన్నాను.

"చూశావా, విన్నావా?"

"నా నెత్తిమీదే పడింది బావా!"

లేచొచ్చి, నా తల తడిమి, తడిసిన వేళ్లు వాసన చూసి, పైకి చూసి, నమ్మాడు. ఈలోపల నేనిచ్చిన మంచి తోళ్లు తడిసి ముద్దయ్యాయి.

ఇక పటం మీద ఒక రాయి గుర్తు పెట్టాలన్నా, ఒక ఇసుక మేట చుక్కలు పెట్టాలన్నా ఎన్ని సాక్ష్యాలు కావాలో మీరే ఊహించుకోండి. ఓడలెక్కే ఓపిక అయిపోయిన ముసలి నావికులంతా పొద్దున్నే ఆయన వాకిట్లో చేరేవారు. "కర్కెన్నా దీవుల పక్కన మేట ఎటుంది?" అని బావ అడిగితే చాలు, కోడిపుంజులు నయం. పళ్లన్నీ ఊడిన హమ్దీస్ తూర్పున ఉందని తొడ కొట్టేవాడు. మిగతావాళ్లు అతని మీద పడేవారు. మా బావ కలం చెవిలో దోపుకుని, ఏ ఒక్కరి మాటా పోనివ్వకుండా వినేవాడు. ఎండెక్కాక అందరికీ భోజనం. ఖాళీ కడుపుతో చెప్పిన సాక్ష్యం చెల్లదని ఆయన నియమం.

"ఏ ఖాజీ పెట్టాడీ నియమం?" అనేది మా అక్క, పొగలో కళ్లు తుడుచుకుంటూ. "నీకెవరు చెప్పారంట?"

బావ మటుకు ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పకుండా రొట్టె తుంచుకునేవాడు.

ఆ ఏడు చలికాలంలో ఐయాద్ తాతకి చూపు పూర్తిగా పోయింది. ఒకప్పుడు రేవులోకి వచ్చే ఓడలకి దారి చూపించిన మనిషి. చూపు పోయాక మా బావ వాకిట్లోకి రావడం మానేశాడు. ఇంట్లో గోడకి మొహం పెట్టుకుని కూర్చుంటున్నాడనీ, ముద్ద ముట్టడం లేదనీ కోడలు మా అక్క దగ్గర ఏడ్చింది.

వసంతం రాగానే బులుగ్గీన్ అనే ఓడనాయకుడు ఈజిప్టు వెళ్లడానికి ఆలివ్ నూనె జాడీలు ఎక్కించాడు. గాలి కూడా మళ్లింది. పటం కోసం మా బావ దగ్గరికి వచ్చాడు. మనిషి గుమ్మం పట్టనంత ఉంటాడు.

"పటం ఏదయ్యా?"

"ఒక్క మేట మిగిలింది. ఐయాద్ తాత సాక్ష్యం రావాలి."

"ఇంతమంది చెప్పారుగా!"

"ఐయాద్ చెప్పలేదు."

"ఆయనకి కళ్లు పోయాయిగా!"

"నీకెవరు చెప్పారు?"

"ఊరంతా చెబుతోంది!"

"ఊరు సాక్షి కాదు," అని బావ వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

చేసేది లేక బులుగ్గీన్ నన్ను వెంటబెట్టుకుని ఐయాద్ ఇంటికి వెళ్లాడు. తాత తల తిప్పలేదు. "గుడ్డివాణ్ణి. నాకేం తెలుసు? పోండి."

అంత మనిషీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తాతా, ఓడ మేటమీద కూర్చుంటే నా మనుషులు ఏమైపోవాలి? నువ్వు చెప్పందే ఆ పిచ్చాడు కలం ముట్టనంటున్నాడు."

తాత గోడతో అన్నట్టు అడిగాడు.

"హమ్దీస్ ఏమన్నాడు?"

"తూర్పున ఉందన్నాడు," అన్నాను.

"తూర్పా! పళ్లతోపాటు బుర్ర కూడా ఊడిందా వాడికి? లేపండి నన్ను!"

బులుగ్గీన్ ఆయన్ని వీపున ఎక్కించుకుని చేపల బజారు మీదుగా నడిచాడు. తాత అతని చెవులు పట్టుకుని నడిపించాడు. "కుడికి! కుడికిరా అబ్బీ! ముందు చేపల గంపుంది, ముక్కు లేదా నీకు?" జనం దారి ఇచ్చి నవ్వారు. తాత కూడా నవ్వాడు.

రేవులో బావ చిన్న పడవ సిద్ధంగా ఉంచాడు. మేటల దగ్గర తాడు కట్టిన సీసపు గుండుని సముద్రం అడుగుదాకా దించి పైకి లాగితే, దానికంటిన ఒండ్రుని తాత నాలుక మీద వేసుకున్నాడు.

"ఇదే. దీవికి పడమర."

"అదే మేట అని నీకెవరు చెప్పారు?" అన్నాడు బావ.

"నా నాలుక చెప్పిందిరా వెధవా! రాసుకో!"

ఇంటికొచ్చాక బావ గదిలోకెళ్లి, ఇట్టే పటంతో బయటికొచ్చాడు. మేట దగ్గర ఎర్రచుక్కలు ముచ్చటగా ఉన్నాయి. సిరా తడిగా ఉండగా చుడితే పటం పాడవుతుందని నేను బొటనవేలితో తాకాను. వేలికి ఏమీ అంటలేదు. అవి ఆ రోజు పెట్టిన చుక్కలు కావు. తోలులోకి ఇంకిన తీరు చూస్తే కొన్ని నెలల కిందటివి.

బులుగ్గీన్ కూడా వేలు పెట్టి చూశాడు. మొహం ఎర్రబడింది. అరవబోయి, వాకిట్లోకి చూశాడు. అక్కడ ఐయాద్ తాత చేతులు ఊపుతూ, ఓ పెద్ద ఓడనాయకుడి మీద సవారీ చేసిన కథ చెబుతున్నాడు. హమ్దీస్ కుళ్లుకుంటున్నాడు. బులుగ్గీన్ పటం చుట్టి చంకలో పెట్టుకుని, వాకిలంతా వినపడేలా, "అమ్మయ్య! తాత లేకపోతే మునిగిపోయేవాళ్లమే!" అని వెళ్లిపోయాడు.

నేను బావని పక్కకి లాగాను. "మేట ఎక్కడుందో నీకు ముందే తెలుసు కదూ?"

ఆయన కలం తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "ఆయనకి ఇంట్లో అందరూ చెప్పేవాళ్లేరా. కూర్చో, తిను, పడుకో. అడిగేవాళ్లే లేరు."

అక్క వైపు చూశాను. అక్క కూర గిన్నె దించుతోంది.

"నాకెప్పుడో తెలుసు," అంది. "లేకపోతే ఇంతమందికి ఇన్నేళ్లు ఊరికే వండానా?"

పళ్లెం తీసుకెళ్లి తాత ముందు పెట్టి, గట్టిగా అడిగింది. "తాతా, చేపల కూరలో ఉప్పు సరిపోయిందా?"

తాత ఒక ముద్ద తిన్నాడు. కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"తొందరపడి చెప్పే మాట కాదమ్మా ఇది," అన్నాడు పళ్లెం ముందుకు జరుపుతూ. "ఇంకో గరిటె వెయ్యి."